ఫారఘర్ గేటు దగ్గర తెల్లరాయి

ఓడల సమ్మె జరిగిన ఏడు మా నాయనమ్మ మా నాన్నతో పది వారాలు మాట్లాడలేదు. ఇంట్లో ఉన్నది నలుగురం: నాయనమ్మ, నాన్న, అన్నయ్య ఫిన్లో, నేను. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. ఒకే పొయ్యి ముందు కూర్చుని, ఒకే కెటిల్లోంచి టీ పోసుకుంటూ, నాన్నకి ఏదైనా చెప్పాల్సి వస్తే ఆవిడ పిల్లికి చెప్పేది. మా దీవి పిల్లులకి తోక ఉండదు, దానికీ లేదు. "బూట్లనిండా తారుంది, గుమ్మం అవతల విప్పమను," అని ఆ తోకలేని దాని మొహంలోకి చూస్తూ అనేది. నాన్న బూట్లు విప్పి, పిల్లికి క్షమాపణ చెప్పి లోపలికి వచ్చేవాడు. పిల్లి ఇద్దరినీ పట్టించుకునేది కాదు.

గొడవంతా ఒక రాయి గురించి.

మా ఇల్లు కొండ మీంచి డగ్లస్ ఊరి వైపు దిగే రోడ్డు మీద, ఒక మలుపుకి లోపలి అంచున ఉంది. ఏటా జూన్‌లో మోటార్‌సైకిళ్ల పందెం మా గుమ్మం ముందు నుంచే పోతుంది. మామూలు రోజుల్లో పాలబండి, స్కూలు బస్సు తిరిగే రోడ్డే అది. పందెం వేళకి ఒక కారు చుట్టూ తిరిగి రోడ్డు మూస్తుంది, అయ్యాక ఇంకో కారు వచ్చి తెరుస్తుంది. మధ్యలో రోడ్డు మీద కాలు పెట్టడం నేరం. ఆ వేళ ఇవతల ఉన్నవాళ్లు ఇవతలే, అవతల ఉన్నవాళ్లు అవతలే. ఒక ఏడు మా నాన్న పొగాకు కొనుక్కోవడానికి అవతలికి వెళ్లి, మధ్యాహ్నం భోజనం చేతికందే దూరంలో ఉండగా సాయంత్రం దాకా పస్తు ఉన్నాడు.

రోడ్డు పక్క ఇళ్లవాళ్లకి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పందేలకి ముందు ఎవరూ తలుపుకి కొత్త రంగు వెయ్యరు, కంచె కత్తిరించరు, గోడకి నిచ్చెన ఆనించి వదిలెయ్యరు. అంత వేగంలో వచ్చేవాడికి రోడ్డు కనబడదు. ఒక పొగగొట్టం, ఒక కిటికీ, ఒక చెట్టు కనబడతాయి. వాటిని బట్టి ఎక్కడ వేగం తగ్గించాలో, ఎక్కడ వంగాలో చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. కిందింటావిడ ఒకసారి మే నెలలో పచ్చతలుపుకి ఎర్రరంగు వేసింది. నెల్లాళ్లు ఆవిడతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

మా మలుపుకి పేరు ఫారఘర్ గేటు. ఫారఘర్లం మేమే. గేటు మాత్రం లేదు, నేను పుట్టకముందే తీసేశారు. అది వేలాడిన రాతి స్తంభం ఒక్కటే మిగిలింది. రోడ్డుకి అవతల, పొలం గోడ చివర, నా భుజం ఎత్తున నిలబడి ఉండేది. పందేలకి వారం ముందు నాయనమ్మ దానికి సున్నం కొట్టేది. కళ్లకి పొరలు కమ్మాక ఆ పని నాకు అప్పగించింది.

ఆ గేటు సంగతి ఆవిడ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ నోరు తెరుచుకునే విన్నాను. పందెం మొదటిసారి కొండెక్కిన ఏడు ఆవిడకి పదకొండేళ్లు. అప్పుడది రోడ్డు కాదు, గొర్రెల దారి. రెండు బండి గాడులు, మధ్యలో గడ్డి, గాడుల నిండా గుండ్రాళ్లు. వానొస్తే మోకాలి లోతు బురద, ఎండొస్తే ముందున్న మనిషి కనపడనంత దుమ్ము. గొర్రెలు దాటిపోకుండా అక్కడక్కడ రోడ్డుకి అడ్డంగా గేట్లుండేవి. మా గేటు తీసి పట్టుకోవడం నాయనమ్మ పని. పొగమంచులో గేటు కనబడదని వాళ్ల నాన్న స్తంభానికి సున్నం కొట్టించాడు. ఒకడు ఆ గేటు దగ్గర ఆగి, బండికి తెగిపోయిన బెల్టు బదులు తన నడుం బెల్టు తీసి కట్టుకుని, ఆవిడిచ్చిన మజ్జిగ తాగి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని వెళ్లాడట. వచ్చినవాళ్లని ఆవిడ ఒక్కొక్కరినీ లెక్కపెట్టేది. ఆఖరివాడు వెళ్లాకే గేటు వెయ్యాలి. ముందే వేస్తే ఎవడో వచ్చి గుద్దుకుంటాడు, వెయ్యకపోతే గొర్రెలు డగ్లస్ బజార్లో తేలతాయి.

గేటు పోయినా లెక్క పోలేదు. మా మలుపుకి పైన, ముందు ప్రమాదముంటే ఊపే పసుపు జెండా పట్టుకుని నిలబడేది నాన్న. పందెం అయిపోయి ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే నాయనమ్మ "అందరూ వెళ్లారా?" అని అడిగేది. "ఇంతమంది వచ్చారు, ఇంతమంది వెళ్లారు," అని నాన్న చెప్పేవాడు. "అయితే గేటు వేసెయ్యి," అనేది ఆవిడ. అప్పుడే మాకు టీ, బొనాగ్ రొట్టె. నాకు తెలిసి రెండేళ్లు ఆ లెక్క సరిపోలేదు. ఆ రెండేళ్లూ ఆవిడ గేటు వెయ్యమనలేదు.

సమ్మె మే నెలలో మొదలైంది. ఓడలు రేవుల్లో ఆగిపోయాయి, పందేలు ఆగస్టు చివరికి వాయిదా పడ్డాయి. అద్దెగదుల వాళ్లు తలలు పట్టుకున్నారు. రోడ్డు పనుల వాళ్లు మాత్రం ఇదే అదను అనుకున్నారు. నాన్న వాళ్ల ముఠాకి మేస్త్రీ. జూన్ మధ్యలో ఒక సాయంత్రం, హెర్రింగ్ చేపలు, బంగాళాదుంపలు తింటుండగా, మా మలుపు వెడల్పు చేస్తున్నారని నెమ్మదిగా చెప్పాడు. అవతలి గోడ పన్నెండడుగులు వెనక్కి జరుపుతారట.

నాయనమ్మ వేళ్లతో చేప ముళ్లు వెతుకుతూనే, రాయి సంగతేమిటని అడిగింది.

"రాయి గోడలోదే కదమ్మా."

"ఎవరు తీస్తారు?"

"ముఠా నాదే," అన్నాడు నాన్న పళ్లెంలోకి చూస్తూ.

"ఒరే విల్ఫ్, యాభై అయిదేళ్లుగా ఆ పిల్లలంతా ఆ రాయిని చూసుకునే ప్రాణాలతో ఇంటికెళ్తున్నారు."

"నువ్వు గేటు తీసిన రోజుల్లో వాళ్లిక్కడికి గుర్రం కంటే నెమ్మదిగా వచ్చేవాళ్లు. ఇప్పుడు వంద మైళ్లు దాటి వస్తున్నారు. రోడ్డు మారకపోతే మనుషులు పోతారు. ఆ రెండేళ్లు నువ్వే కదా గేటు వెయ్యమనలేదు."

నాయనమ్మ పళ్లెం పక్కకి తోసింది. ఆ మాట ఆవిడని తగలరాని చోట తగిలింది. మర్నాటి నుంచి పిల్లితో మాటలు మొదలయ్యాయి.

రాయి తీసిన రోజు నాన్న ముఠావాళ్లని దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. సుత్తి దెబ్బ తగలకుండా, చుట్టూ తవ్వి, గునపంతో తనే కదిపి, తాళ్లు కట్టి దించాడు. పసిబిడ్డని దించినట్టు పొలంలో గడ్డి మీద పడుకోబెట్టాడు. నాయనమ్మ కిటికీ దగ్గర నిలబడి అంతా వింది. చూడలేదు కాబట్టి ఆయన ఎంత జాగ్రత్తగా తీశాడో ఆవిడకి తెలియదు. నేను చెప్పబోతే చెవిన వేసుకోలేదు.

ఆ తర్వాత వారం నాన్న నన్ను పనిదగ్గరికి రమ్మని కేకేశాడు. పాత రోడ్డుని నిలువునా కోసి ఉంచారు. గట్టు దిగి గోతిలో నిలబడితే రోడ్డు నా నడుం ఎత్తుకి వచ్చింది. పైన నల్లటి తారు. దాని కింద ఇంకో తారు, బూడిదరంగులోకి తిరిగింది. ఇంకో తారు. దాని కింద గట్టిగా దిమ్మిస వేసిన కంకర. అన్నిటికీ అడుగున మట్టి, మట్టిలో గుండ్రాళ్లు, రెండు చోట్ల జానెడు లోతున గాడులు.

"ఇదిగో," అన్నాడు నాన్న గాడిలో వేలు పెట్టి చూపిస్తూ, "మీ నాయనమ్మ రోడ్డు."

పుట్టినప్పటి నుంచి రోజూ దాటిన రోడ్డు కింద అన్ని రోడ్లున్నాయని నాకు తెలియదు. ఆ గుండ్రాళ్ల మీద, గొర్రె పెంటల మధ్య, ఆ బెల్టు తెగినవాడు నిజంగానే ప్యాంటు పట్టుకుని పోయాడు. అంతవరకూ అదొక కథ నాకు. నాన్న అడుగు పొరలోంచి కోడిగుడ్డంత రాయొకటి ఏరి, జేబురుమాలుతో తుడిచి, సాయంత్రం నాయనమ్మ పళ్లెం పక్కన పెట్టాడు. ఆవిడ చేత్తో తడిమింది. ఏమిటని పిల్లిని కూడా అడగలేదు. పొద్దున చూస్తే పళ్లెం పక్కన రాయి లేదు, ఆవిడ ఆప్రాన్ జేబు బరువుగా వేలాడుతోంది.

ఫిన్లో డగ్లస్‌లో ఒక మోటారు షెడ్డులో మెకానిక్. ఆ ఏడే మొదటిసారి పందెంలో పేరిచ్చాడు. వాడి బండి ఎవరో రెండేళ్లు వాడి వదిలేసినది, దాన్ని రోజూ విప్పి బిగిస్తూ ఉండేవాడు. జూలైలో కొత్త తారు వేశాక ఒక సాయంత్రం నన్ను తీసుకెళ్లి మలుపులో నిలబెట్టాడు. పదహారో ఏట బండెక్కినప్పటి నుంచీ తెల్లరాయి పక్కకి రాగానే గ్యాస్ వదిలి వేగం తగ్గించడం వాడికి అలవాటట. ఇప్పుడు రాయి లేదు కాబట్టి, అదే చోటున రోడ్డు పక్క మురుగు మూత ఒకటి ఉంటే దాన్ని గుర్తు పెట్టుకున్నాడట.

"కంటికి చెప్పానే," అన్నాడు. "చెయ్యి ఇంకా వినట్లేదు. ఎక్కడ తెల్లగా ఏదైనా కనబడితే అక్కడిదాకా పోదామంటుంది."

"ఎవరి మాటా వినని చెయ్యి, నీ మాట మాత్రం ఎందుకు వింటుందిలే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను.

ఆగస్టు చివరికి ఓడలు తిరిగాయి, మనుషులు దిగారు, కొండ మీద మళ్లీ ఇంజన్ల మోత మొదలైంది. మా ఇంట్లో మాత్రం మాటల్లేవు. సోమవారం తెల్లవారుజామున, రోడ్డు మూసి, పందెం బండ్ల మొదటి సాధన. ఆ ఉదయం నాన్న లోపలికి వచ్చాక నాయనమ్మ "అందరూ వెళ్లారా?" అని అడగదేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఫిన్లో మొదటిసారి పందెం వేగంతో ఆ రోడ్డు మీద పోతున్నాడు. ఆ లెక్క ఎవరూ అడగకపోతే, ఎవరూ గేటు వెయ్యకపోతే, వాడికేదో అవుతుందని నాకు పిచ్చినమ్మకం కుదిరిపోయింది.

అందుకని ఆదివారం మధ్యాహ్నం, నాన్న కింద ఊళ్లో, బండ్లు గుద్దుకుంటే దెబ్బ తగ్గేలా గోడలకి గడ్డిమోపులు కట్టించడానికి వెళ్లినప్పుడు, పక్క పొలం కిన్నిష్ బాబాయిని ట్రాక్టరుతో బతిమాలి తెచ్చుకున్నాను. గడ్డిలో పడుకున్న రాయిని లేపి, కొత్త గోడలో పొలానికి కొత్త గేటు పెట్టిన చోట నిలబెట్టాం. గేటు ఎక్కడుంటే స్తంభం అక్కడే కదా. కిన్నిష్ బాబాయి చేసిన పని మళ్లీ చెయ్యక్కర్లేకుండా చేసే మనిషి, చుట్టూ రాళ్లు దట్టించి దిమ్మిస కొట్టాడు. నేను రెండు పూతలు సున్నం వేశాను. కట్టుబాటు నాకు గుర్తు లేక కాదు. కొత్తది ఏదీ పెట్టలేదనుకున్నాను, ఉన్నదాన్నే మళ్లీ పెట్టాననుకున్నాను. నాన్న చీకటి పడ్డాక వచ్చి పడుకున్నాడు, చీకట్లోనే లేచి జెండా పట్టుకుని పైకి వెళ్లిపోయాడు. ఆయన నిలబడే చోటి నుంచి కొత్త గేటు కనబడదు.

తూరుపు తెల్లబడుతుండగా నేను టీ పెట్టాను. నాయనమ్మ కిటికీ తెరిచి, చెవి అటు పెట్టి కూర్చుంది. నేను వెళ్లి సున్నం గట్టిపడిన కుంచె ఆవిడ చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొహం విప్పారింది.

"రాయి నిలబెట్టారా? మీ నాన్నేనా?"

నాన్న కాదు, నేనూ కిన్నిష్ బాబాయీ అని చెప్పాను. నా చెయ్యి పట్టుకుని నిమిరింది. పాత చోటేనా అని అడిగింది.

"పాత చోటు రోడ్డులో కలిసిపోయింది కదా నాయనమ్మా. కొత్త గేటు దగ్గర పెట్టాం. నలభై అంగలు కింద."

ఆవిడ కుంచె బల్ల మీద పెట్టింది.

"వెలుగొచ్చిందా?"

"వస్తోంది."

"రాయి కనబడుతోందా?"

కిటికీలోంచి చూశాను. గోడ కనబడటం లేదు. గేటు కనబడటం లేదు. రోడ్డు ఎక్కడ తిరుగుతుందో కూడా తెలియడం లేదు. రాయి ఒక్కటే తెల్లగా నిలబడి ఉంది.

"కనబడుతోంది."

"వాళ్లకీ కనబడుతుంది," అంది నాయనమ్మ.

ఫిన్లో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. తెల్లగా ఏదైనా కనబడితే అక్కడిదాకా పోదామంటుంది. నలభై అంగలు ఆలస్యంగా గ్యాస్ వదిలితే ఆ వేగంలో ఎదురుగా ఉండేది కొత్త గోడే. నాయనమ్మ లేచి, తలుపు వెనక మేకు తడిమి, తన నల్లకోటు తీసి నా మీదకి విసిరింది. తాతయ్య పోయినప్పుడు కుట్టించుకున్న కోటు.

"కప్పెయ్యి. పరిగెత్తు పిల్లా."

గుమ్మం దాటేసరికి రోడ్డు మూసే కారు దీపాలు పై మలుపులో కనబడ్డాయి. దాని ముందు నుంచి దాటాను. కారులో ఆయన హారన్ మోగించాడు, ఏదో తిట్టాడు, ఆగకుండా పోయాడు. ఇక రోడ్డు మూసినట్టే. నేను అవతల ఉండిపోయాను.

ముందు రాయిని తొయ్యబోయాను. కిన్నిష్ బాబాయి పనితనం చలించలేదు. మట్టి పులిమితే, రాత్రి మంచుకి తడిసిన సున్నం మీద నిలవలేదు. కోటు తొడిగాను. రాయి నాయనమ్మ కంటే లావు, గుండీలు అందలేదు. చేసేది లేక, గోడ వెనక్కి వెళ్లి, రాయిని రెండు చేతులా కౌగిలించుకుని, కోటు అంచులు ముందుకి లాగి పట్టుకున్నాను. పొగమంచు పడితే సాధన ఆపేస్తారు. మననాన్ దుప్పటి కప్పుకున్నాడంటాం మేము, మా దీవిని కాచే పాతకాలపు సముద్రదేవుడు ఆయన. ఆ ఒక్కపూట కప్పుకోమని మొక్కాను. ఆకాశం చీకూచింతా లేకుండా తేటగా ఉంది.

ముందు నాకు చప్పుడు వినబడలేదు. చేతుల్లో రాయి సన్నగా వణికింది. పొలంలో గొర్రెలన్నీ ఒకేసారి తలెత్తాయి. ఆ తర్వాత కొండ మీంచి మోత దిగింది.

పందొమ్మిదేళ్లు ఆ ఇంట్లో పెరిగాను. ఏటా కిటికీలోంచి చూశాను. కిటికీలోంచి చూస్తే వాళ్లు పోతూ ఉంటారు. ఇక్కడి నుంచి చూస్తే వస్తూ ఉంటారు. మొదటివాడు నా మీదకే వచ్చాడు. పైన పాత చోటు దగ్గర వేగం తగ్గించి, వంగి, మోకాలు రోడ్డుకి జానెడు ఎత్తులో పెట్టి, నా ముందు నుంచి తిరిగిపోయాడు. వాడు వెళ్లాక వాడి గాలి వచ్చి నన్ను కొట్టింది. భయం మర్చిపోయాను. ఆ గొర్రెల దారి మీద, నాలుగు పొరల కింద గాడులు పడుకున్న ఆ చోటున, మనిషి ఇంత వేగంగా పోగలడా అని నోరు తెరిచి చూశాను. రెండోవాడు వచ్చాడు. మూడోవాడు. నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను.

ఎనిమిదోవాడి గాలికి కోటు అంచు నా పట్టులోంచి జారింది. ఎగిరి పైకి లేచింది. రాయి మూరెడు మేర తెల్లగా బయటపడింది. తొమ్మిదోవాడు అప్పటికే కనబడుతున్నాడు.

ఆ ఇంట్లో పెరిగినవాళ్లకి ఇంజన్ ఎక్కడ శృతి తగ్గాలో తెలుసు. తగ్గలేదు. మురుగు మూత దాటాడు, తగ్గలేదు. వాడి కళ్లు రాయి మీదే ఉన్నాయి. ఇదివరకటి ఏళ్లలో ఇక్కడ బండి నడిపినవాడే, ఆ రాయిని నమ్ముకున్నవాడే. చివరికి తెలిసింది వాడికి. ఇంజన్ గతుక్కుమంది, వెనక చక్రం ఎగిరెగిరి పడింది, బండి తిరగాల్సిన చోట తిరగక గోడ వైపు జారుతూ వచ్చింది. నాన్న వేసిన కొత్త తారు మొత్తం, ఆ పన్నెండడుగులూ, వాడికి కావలసి వచ్చాయి. బూటు కొత్త గోడని రాసుకుంది. కళ్లద్దాల వెనక కళ్లు చూశాను, చెయ్యి చాస్తే తగిలేవాడు. మరుక్షణం బండి నిటారుగా లేచి కిందికి పోయింది.

గోడ పాత చోటే ఉండి ఉంటే వాడు ఇంటికి వెళ్లేవాడు కాదు.

కోటు మళ్లీ లాగి, ఈసారి దాని చేతులు రెండూ కలిపి ముడేసి, మొహం దానికి ఆనించి పట్టుకున్నాను. గుండె రాయికేసి కొట్టుకుంటోంది. ఇరవై ఆరోవాడు ఫిన్లో. వాడి బండి మోత మా ఇంట్లో అందరికీ తెలుసు, కొంచెం దగ్గుతుంది. చూడలేకపోయాను, కళ్లు మూసుకున్నాను. మోత పెరిగి, పెరిగి, మురుగు మూత దగ్గర సరిగ్గా తగ్గింది. చెయ్యి విన్నది. కళ్లు తెరిచేసరికి వాడి వీపు మాత్రం కనబడింది. నేను ఏడుస్తూనే ఇరవై ఆరు అన్నాను.

తెరిచే కారు పోయీపోగానే నాన్న పైనుంచి పరిగెత్తుకొచ్చాడు. కోటు తొడుక్కున్న రాయిని, సున్నం అంటిన నా మొహాన్ని చూశాడు. చెప్పాల్సిందంతా చెప్పాను, ఒక్కటీ దాచలేదు. గోడ మీద బూటు గీసిన నల్లగీత దగ్గరికి వెళ్లి అరచెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో మా గుమ్మంలోంచి నాయనమ్మ దిగింది. కర్ర లేదు. చేతులు ముందుకి చాచి, రోడ్డు మీదకి ఒంటరిగా వచ్చేస్తోంది. నాన్న పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకోలేదు. రోడ్డు మధ్యకి వచ్చాక, పట్టుకోమన్నట్టు ఆయన మీద బరువు వేసి, కిందికి వంగి కూర్చుంది. అరచెయ్యి తారు మీద పెట్టింది. నెమ్మదిగా ఇటూ అటూ రాసింది. రెండో చేత్తో ఆప్రాన్ జేబులోంచి ఆ గుండ్రాయి తీసి పక్కన పెట్టింది. ఒక చెయ్యి రాయి మీద, ఒక చెయ్యి రోడ్డు మీద ఉంచి అలాగే ఉండిపోయింది.

"ఇంత నున్నగా వేశావా," అంది.

నాన్న ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎంత వేగంరా ఇక్కడ?"

"పైనుంచి వచ్చేటప్పుడు నూట పది మైళ్లుంటుందమ్మా."

"నేను గేటు పట్టుకున్న చోటే కదా ఇది?"

"ఆ చోటే."

ఆవిడ తల ఊపింది. ఆ మొహంలో కోపం లేదు. ఎండకి మెరుస్తున్న ఆ తారులో పదకొండేళ్ల పిల్ల ఏం చూస్తోందో నాకు తెలియదు కానీ, అంత ఆశ్చర్యం నేనెవరి మొహంలోనూ చూడలేదు. తర్వాత తలెత్తి, నాన్న మొహం ఎక్కడుంటుందో అటు చూసింది.

"అందరూ వెళ్లారా?"

"అరవై ఒక్కమంది వచ్చారు. అరవై ఒక్కమంది వెళ్లారు."

"తొమ్మిదోవాడు కూడానా?"

కిటికీలోంచి ఆవిడా లెక్కపెట్టిందన్నమాట. నాన్న గోడ మీద గీత వైపు చూశాడు.

"వాడు కూడా. కొత్తగా వేసిన పన్నెండడుగులూ వాడుకుని వెళ్లాడమ్మా."

నాయనమ్మ ఆయన భుజం పట్టుకుని లేచింది. నడిపించమని రాయి దగ్గరికి వచ్చింది. నేను వేసిన ముడి విప్పి, కోటు తీసి, సున్నం దులిపి తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుంది. ఆ తెల్లరాయి తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

"అయితే గేటు వేసెయ్యరా విల్ఫ్," అంది.

నాన్న గునపం తేవడానికి వెళ్లాడు. పాలబండి వచ్చేసరికి రాయి మళ్లీ గడ్డిలో పడుకుని ఉంది, వాళ్లిద్దరూ దాని మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నేను టీ తెస్తే నాయనమ్మ కప్పు అందుకోలేదు. ముందు వాడికియ్యి, అంది.